డిచ్‌పల్లి నుండి ఉజువాకొలి వరకు

(ఇందల్వాయిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల మీద ఇంత వాడిగా చర్చ జరిగిన తరువాత, భోజనాలకు ముందు, కుష్ఠువ్యాధి గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టడం మన కార్యదర్శి గారి ధైర్యానికి నిదర్శనం. ఆకలి వేళ అని నాకు తెలుసు. అయినా ఇది ఇందల్వాయిలో చెప్పవలసిన సంగతి. ఇంకొక చోట చెబితే నాకు తృప్తి ఉండదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మీలో చాలామందికి నేను తెలుసు. తెలియని వారికి చెబుతున్నాను. నేను 1971లో కుష్ఠు నివారణ పథకంలో నాన్ మెడికల్ అసిస్టెంటుగా చేరి, 2006లో పదవీ విరమణ చేశాను. మా ఉద్యోగం పేరు మధ్యలో పారా మెడికల్ వర్కర్ అని మార్చారు. జీతం మాత్రం పేరుతో పాటు పెరగలేదు. పని ఒకటే: సైకిల్ మీద ఊరూరా తిరగడం, ఇంటింటా అందరినీ వెలుతురులో నిలబెట్టి ఒంటి మీద మచ్చలు చూడడం, మచ్చ మీద దూదిపోగుతో తాకి స్పర్శ ఉందో లేదో అడగడం, మోచేతి వెనుక నరం తడిమి చూడడం. బోధన్ వైపు చెరుకు కోత రోజుల్లో గుడిసెల దగ్గరికి వెళ్లేవాళ్లం. మచ్చ దొరికేది, మాత్ర ఇచ్చేవాళ్లం. కోత అయిపోగానే మనిషి ఏ ఊరు వెళ్లేవాడో తెలిసేది కాదు. షక్కర్‌నగర్ చక్కెర కర్మాగారంలో పనిచేసి రిటైరైన మిత్రులు ఇక్కడ ఉన్నారు, వారికి ఈ బాధ తెలుసు. ఆ కర్మాగారమే 2015లో మూతపడింది, ఆ సంగతి ఎత్తితే మళ్లీ డి.ఎ. చర్చ కంటే పెద్దదవుతుంది, వదిలేస్తాను.

ఈ ఇందల్వాయి స్టేషన్‌లో రైలెక్కితే నిజామాబాదు వైపు తరువాత వచ్చేది డిచ్‌పల్లి. అక్కడి విక్టోరియా ఆస్పత్రి పేరు మీరందరూ విన్నారు. దాని ముందు నుంచి వెళ్తూ మన పెద్దలు తల పక్కకు తిప్పుకునేవారు. మా నాయినమ్మ అయితే బస్సులో ఆ చోటు దాటేదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఆ ఆస్పత్రికీ, ఆఫ్రికా ఖండంలోని నైజీరియా దేశంలో ఉజువాకొలి అనే ఊరికీ ఉన్న సంబంధం మనలో ఎవరికీ తెలియదు. ముప్ఫై అయిదేళ్లు ఆ వ్యాధిలోనే ఉద్యోగం చేసిన నాకే చాలాకాలం తెలియదు.

మొదట డిచ్‌పల్లి సంగతి. స్కాట్లండు దేశపు రైతు కుటుంబంలో 1875లో పుట్టిన ఇసబెల్ కెర్ అనే ఆమె ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. ఆ కాలంలో ఆడపిల్ల డాక్టరీ చదవడం వాళ్ల దేశంలోనూ అరుదే. భర్త జార్జి కెర్ పాదిరి. 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున ఇద్దరూ హైదరాబాదు సంస్థానానికి వచ్చారు, నిజామాబాదులో ఉన్నారు. మామూలు వైద్యానికి వచ్చే వాళ్లతో పాటు కుష్ఠురోగులూ వచ్చి గుమ్మం ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్లను లోపలికి రానిస్తే మిగతావాళ్లు రారు, పొమ్మంటే పోవడానికి వాళ్లకు చోటు లేదు. 1911లో వాళ్ల కోసం చిన్న ఆశ్రయం తెరిచారు. అది త్వరలోనే చాలలేదు. అప్పుడు డబ్బిచ్చింది ఎవరనుకున్నారు? మన నిజామాబాదు ధనికులు రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హిందువు. ఆయన ఇచ్చిన పెద్ద విరాళంతో 1915లో డిచ్‌పల్లి ఆస్పత్రి లేచింది. ముస్లిం ప్రభువు ఏలుబడిలో, హిందువు సొమ్ముతో, క్రైస్తవ డాక్టరమ్మ కట్టిన ఆస్పత్రి అది. 1923లో ఆ దంపతులిద్దరికీ కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఆమె 1932లో కన్నుమూశారు.

అప్పటి వైద్యం ఏమిటి? అడవి బాదం గింజల నూనె, వాళ్లు చాల్‌మోగ్రా నూనె అనేవారు. అది ఆయుర్వేదంలోనూ ఉన్నదే. తాగితే వాంతి, పూస్తే లాభం తక్కువ. సూది ద్వారా ఇవ్వడం నేర్చాక కొంత గుణం కనిపించింది. చిక్కటి నూనె లావుపాటి సూదితో ఒంట్లోకి ఎక్కిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. వారం వారం, ఏళ్ల తరబడి. తొలిదశలో వచ్చిన వారికి మేలు చేసేది, ముదిరిన వారికి పెద్దగా చేసేది కాదు. అయినా జనం వచ్చారు. అంతకు ముందు లేని ఆశ అది.

ఆ రోజుల్లో, అంటే 1920లలో, డిచ్‌పల్లికి జాన్ లో అనే యువ డాక్టరు వచ్చారు. ఇంటిపేరే ‘లో’. ఈ వ్యాధిని ఆయన మన రోగుల ఒంటి మీద నేర్చుకున్నారు. నేను ఈ మాట కావాలనే అంటున్నాను. పుస్తకాల్లో డాక్టర్ల పేర్లుంటాయి, ఆ డాక్టర్లకు పాఠం చెప్పిన ఒళ్లు ఎవరివో ఉండదు. తరువాత ఆయన కలకత్తా ఉష్ణమండల వ్యాధుల పాఠశాలకు వెళ్లి పరిశోధన చేశారు. అక్కడి నుంచి 1947లో నైజీరియా వెళ్లారు.

ఇక ఉజువాకొలి. నైజీరియా తూర్పు ప్రాంతంలో ఇగ్బో ప్రజల మధ్య ఉన్న ఊరు, ఇప్పటి అబియా రాష్ట్రంలో ఉంది. ఇసబెల్ కెర్ గారు పోయిన ఆ 1932లోనే మెథడిస్టు మిషన్ అక్కడ కుష్ఠురోగుల ఆశ్రమం మొదలుపెట్టింది. 1936లో ఫ్రాంక్ డేవీ అనే డాక్టరు నైజీరియా వెళ్లి ఇరవై ఏళ్లకు పైగా అక్కడ పనిచేశారు. మన దగ్గర ఎలా ఉండేదో అక్కడా అంతే. మచ్చ కనిపించిన మనిషిని ఊరి బయట పెట్టడం, పెళ్లాం పిల్లలు దూరం కావడం. ఇకోలి హార్‌కోర్ట్ వైట్ అనే కుర్రవాడికి చిన్న వయసులోనే ఈ వ్యాధి సోకింది. ఉజువాకొలి ఆశ్రమం మొదలైన ఏడే అక్కడికి వచ్చాడు. డేవీ గారి ప్రోత్సాహంతో సంగీతం సాధన చేసి, తోటి రోగులతో బృందగానం ఏర్పాటు చేసి, ఇగ్బో భాషలో వందలాది పాటలు కట్టాడు. ఆయన 1977లో చనిపోయాడు. ఆ పాటలు ఇప్పటికీ ఆ దేశంలో పాడుతున్నారట. వేళ్లు మొద్దుబారిన మనుషులు గొంతు విప్పడం నేను కళ్లతో చూడకపోయినా ఊహించగలను. మన వైపు కుష్ఠు ఆశ్రమాల్లో భజన వినని పారా మెడికల్ వర్కర్ ఉండడు.

ఇప్పుడు అసలు సంగతి. డాప్సోన్ అనే మందు పేరు మీలో కొందరైనా విని ఉంటారు, డి.డి.ఎస్. అనేవాళ్లం. ఈ పదార్థాన్ని 1908లోనే జర్మనీలో తయారుచేశారు, కాని దేనికి పనికొస్తుందో ముప్ఫై ఏళ్లు ఎవరికీ తెలియదు. 1940లలో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రిలో దీని జాతికే చెందిన ప్రోమిన్ అనే మందును నరం ద్వారా ఎక్కిస్తే కుష్ఠు తగ్గుతుందని తెలిసింది. గొప్ప సంగతే. కాని రోజూ నరానికి సూది, ఖరీదు ఎక్కువ. ఇందల్వాయి కూలికి, ఉజువాకొలి రైతుకు అది అందే మందా? మూల పదార్థమైన డాప్సోన్ చవకే, కాని విషమని భయం. దాన్ని ఇతర జబ్బులకు పెద్ద మోతాదులో ఇచ్చి చూసి, రక్తం చెడిపోతున్నదని పక్కన పడేశారు. మన మద్రాసు దగ్గర చెంగల్పట్టులో కాక్రేన్ గారు దాన్ని నూనెలో కలిపి సూదిగా ఇచ్చి చూశారు. ఉజువాకొలిలో లో గారు ఇంకొక అడుగు వేశారు. చిన్న మోతాదులో, నోటి మాత్రగా ఇచ్చారు. రోగం తగ్గింది, మనిషి నిలిచాడు. 1949, 50 సంవత్సరాల్లో ఆయన ఈ ఫలితాలు ప్రకటించారు. మేం తరువాత పెద్దవాళ్లకు ఇచ్చింది రోజుకు 100 మిల్లీగ్రాములు, చిన్న తెల్ల మాత్ర. గ్లాసెడు నీళ్లు చాలు. డాక్టరు అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు, సైకిల్ మీద నాలాంటివాడు సంచిలో వేసుకుని పోయి ఇవ్వొచ్చు. నా ఉద్యోగం పుట్టింది ఆ మాత్ర వల్లనే అనుకోండి.

ఆ మాత్ర వచ్చాక తూర్పు నైజీరియాలో వేలాది మంది నయమై ఇళ్లకు వెళ్లారు. ఇక్కడా అంతే.

ఇంకొకటి. 1962లో అదే ఉజువాకొలిలో స్టాన్లీ బ్రౌన్, హోగర్‌జీల్ అనే ఇద్దరు డాక్టర్లు బి-663 అనే కొత్త మందును కుష్ఠురోగులకు ఇచ్చి చూశారు. దాన్ని ఐర్లండులో క్షయ కోసం కనిపెట్టారు, క్షయకు అప్పట్లో పెద్దగా పనికిరాలేదు. ఇక్కడ పనిచేసింది. అదే ఇప్పటి క్లోఫజిమిన్. ఒళ్లు నల్లబడుతుందని ఆడపిల్లలు ఏడ్చి పారేసే గోధుమరంగు మాత్ర అదే, మా బాధ మాకు తెలుసు. డాప్సోన్ ఒక్కటే ఇస్తే క్రిములు లొంగడం మానేస్తున్నాయని 1964లో రుజువైంది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో మూడు మందులు కలిపి ఇవ్వమన్నారు: రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్. ఈనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఆ అట్టలో ఉండే మూడు మందుల్లో రెండింటికి ఉజువాకొలిలో పరీక్ష జరిగింది. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయం. మొదటి మోతాదు వేసిన కొద్ది రోజుల్లోనే రోగి ఇతరులకు అంటించే స్థితి దాటిపోతాడు.

ఆ హోగర్‌జీల్ గారు తరువాత డిచ్‌పల్లిలో పనిచేశారు. డేవీ గారూ 1960ల చివర డిచ్‌పల్లికే వచ్చారు. దాదాపు అదే కాలంలో అక్కడ బయాఫ్రా యుద్ధం సాగుతోంది, ఉజువాకొలి దెబ్బతిని రోగులు చెల్లాచెదురయ్యారు. డిచ్‌పల్లిలో ఆయన ఏం చేశారంటే, రోగుల ముక్కు నుంచి వచ్చే చీమిడిని పరీక్షించారు. లండనులోని రీస్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1974లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడని ముదిరిన రోగి ముక్కు నుంచి ఒక్క రోజులో కోటి దాకా బతికున్న క్రిములు బయటికి రావచ్చునని తేలింది. అంతవరకు చాలామంది చర్మం చర్మం తాకితే అంటుకుంటుందనే అనుకునేవారు. చెయ్యి తగిలితే వస్తుందన్న భయంతో ఎంతమందిని పాకల్లో పెట్టాం! ఆ లెక్క తేలింది మనకు ఒక్క స్టేషన్ దూరంలో, మన జిల్లా మనుషుల ముక్కుల నుంచి. ఇంకా గమనించండి, నూటికి తొంభై అయిదు మందికి ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

1971లో శిక్షణ రోజుల్లో మా బ్యాచ్‌ని డిచ్‌పల్లి ఆస్పత్రి చూపించడానికి తీసుకుపోయారు. డేవీ గారు అప్పుడు అక్కడే ఉన్నారు. నేను ఆయనతో మాట్లాడలేదు, ఆయన ఎవరో కూడా నాకు తెలియదు. నా దృష్టి అక్కడ లేదు. ఎందుకు లేదో చెబుతాను.

వార్డులు చూసి వస్తుంటే చెట్టు కింద బియ్యం చెరుగుతున్న ఒక ఆమె చేట ఆపి నన్నే చూసింది. యాభైకి దగ్గర. వేళ్లు కొన్ని వంగిపోయి ఉన్నాయి, కనుబొమలు లేవు. చేట పట్టిన తీరులో మాత్రం తడబాటు లేదు. “బిడ్డా, ఏ ఊరు మీది?” అంది. ఇందల్వాయి అన్నాను. మా నాయిన పేరు చెప్పి, “ఆయన కొడుకువా?” అని అడిగింది. అవునన్నాను. “ముఖం అదే” అని చేట కింద పెట్టింది. ఇంకేమీ అనలేదు. నా తోటివాళ్లు ముందుకు పోతున్నారు. నేను కూడా పోయాను.

ఇంటికొచ్చి మా నాయినను అడిగాను. ఆయన చాలాసేపు బీడీ కాల్చాడు. తరువాత చెప్పాడు. ఆమె మా నాయినకు సొంత అక్క. నాకు మేనత్త. పెళ్లయి రెండేళ్లకు మచ్చలు కనిపించాయి, అత్తవారు పుట్టింట దింపి పోయారు. కొన్నాళ్లు మా పశువుల కొట్టంలో పెట్టారు. పెద్దరోగం అని ఊరికి తెలిస్తే మా చిన్నత్తకు సంబంధం రాదని ఒక తెల్లవారుజామున మా తాత ఆమెను రైలెక్కించి డిచ్‌పల్లిలో దింపి వచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. ఊళ్లో మాత్రం కలరాతో చనిపోయిందని చెప్పారు. పదకొండో రోజు కర్మ కూడా చేశారట! బతికున్న మనిషికి.

ఆమె నూనె సూదులు వేయించుకుంది, తరువాత మాత్రలు వచ్చాయి. నయమైపోయింది. నయమైనట్టు కాగితం రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఒకసారి ఇందల్వాయి స్టేషన్‌లో దిగిందట. మా నాయిన ఎదురుపోయి స్టేషన్‌లోనే ఆపాడు. “చచ్చినదానివి ఎట్ల వస్తవే అక్కా?” అన్నాడట. తిరుగు బండి ఎక్కించాడు. ఈ మాట చెబుతూ ఆయన నా ముందు ఏడ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, మీలో ఆయనను ఎరిగినవారు ఉన్నారు. మా నాయిన అప్పుడు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: “మతంల కలిసిందా?” ఆమె వేళ్లు ఎట్లున్నాయని అడగలేదు.

ఆమె మతం సంగతి నాకు కచ్చితంగా తెలియదు, నేను అడగలేదు. ప్రార్థనకు పోయేది, బతుకమ్మ పాటలూ పాడేది. ఈ మిషన్ల వాళ్లు మతం కోసమే చేశారని మన వైపు ఒక మాట ఉంది. మతం చెప్పడానికి వచ్చామని వాళ్లే అన్నారు, దాచలేదు. వాళ్లలో తప్పులు లేవనీ నేననను. ఆ కాలపు చాలా కుష్ఠు ఆశ్రమాల్లో, ఇక్కడా ఆఫ్రికాలోనూ, పుట్టిన బిడ్డను తల్లి నుంచి వేరు చేసేవారు. ఎన్నో గుండెలు పగిలాయి. అవన్నీ తూకం వేయవలసిందే. కాని మా ఇంటి తూకంలో ఒక పక్క మా పశువుల కొట్టం ఉంది. అది గుర్తుకు వచ్చినప్పుడల్లా నేను ఆ వాదనలో నోరు మూసుకుంటాను.

తరువాత నేను అప్పుడప్పుడు వెళ్లి ఆమెను చూసేవాణ్ణి. ఉద్యోగం మీద వచ్చినట్టు రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. ఆమె ఆస్పత్రి చుట్టుపక్కలనే చిన్న పనులు చేసుకుని బతికింది. పాదంలో పుండు మళ్లీ మళ్లీ వచ్చేది. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు కదా. మెత్తటి రబ్బరు అట్టతో చేసిన చెప్పులు వేసుకోమని నేనే పోరేవాణ్ణి. “ఊళ్లన్నిటికి చెప్పులిస్తవు, కొడుకా. మీ ఇంటికి ఎప్పుడు తీస్కపోతవు?” అంది ఒకసారి, నవ్వుతూనే. నేను రిజిస్టరులో ఏదో రాసుకున్నట్టు తల వంచుకున్నాను.

1974లో నా పెళ్లి. అత్తగారి వైపు వారు అడిగారు, మీ నాయినకు తోబుట్టువులెందరు అని. ఒక చెల్లె అన్నాం. ఆ పెళ్లిచూపులకు వెళ్లే ముందు రోజు ఒక బడిలో పిల్లలకు నేను చెప్పి వచ్చిన పాఠం ఇది: కుష్ఠు వంశపారంపర్యం కాదు, శాపం కాదు, దాచకండి. 1989లో ఆమె చనిపోయింది. మనిషి ద్వారా కబురొచ్చింది. నేను వెళ్లేసరికి మట్టి చేశారు. 1998లో మా అమ్మాయికి సంబంధాలు చూసినప్పుడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. అప్పటికి నేను సూపర్‌వైజర్‌ని. గోడల మీద నినాదాలు రాయించింది నేనే.

చట్టం మనకన్నా నయం అనిపిస్తుంది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని 2016లో రద్దు చేశారు. భర్తకో భార్యకో కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చుననే నిబంధనను 2019లో పార్లమెంటు తీసివేసింది. 2019 దాకా ఉన్నదంటే చూడండి! వ్యాధి సంగతి అంటారా, పదివేల మందిలో ఒక్కరికన్నా తగ్గిందని 2005 చివరి లెక్కలతో మన దేశం ప్రకటించింది. దానితో మా పథకం వాళ్లను ఎవరూ పట్టించుకోవడం మానేశారు, నేను రిటైరైంది ఆ మరుసటి ఏడే. నిజానికి 2023లో కూడా మన దేశంలో లక్ష మందికి పైగా కొత్త రోగులు నమోదయ్యారు, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా మనవాళ్లే. కాబట్టి ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే, మనవల ఒంటి మీదనైనా సరే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావారికి ముందు జాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇచ్చే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. ఇది మా పాత ఉద్యోగం మాట, అలవాటు పోదు.

ఇక ముగిస్తాను, వంటవాళ్లు ఇటే చూస్తున్నారు.

కిందటి ఏడాది మా మనవరాలు, నర్సింగు చదువుతున్నది, వంశవృక్షం గీస్తానని పెద్ద కాగితం పరిచింది. “తాతయ్యా, మీ నాయినకు అక్కచెల్లెండ్లు ఎంతమంది?” అంది. “ఒక్క చెల్లె” అని యాభై ఏళ్ల అలవాటుగా నోటికొచ్చేసింది. ఆ పిల్ల రాసుకోబోతుంటే ఎందుకో చెయ్యి పట్టుకుని ఆపాను. మొత్తం చెప్పాను. పశువుల కొట్టం, స్టేషన్, చెప్పులు, ఉజువాకొలి, అన్నీ. మా ఇంటామె వంటగది గడపలో నిలబడి వింటోంది. ఆమెకు నేను మొదటిసారి చెబుతున్నానని భయంగా అటు చూశాను.

“నాకెర్కనే” అంది. “పెండ్లయిన ఏడే అత్తమ్మ చెప్పింది. మీరు చెప్తరేమోనని చూసిన.”

ఎన్నేళ్లు చూసిందో లెక్కపెట్టుకోండి. ఒక్క రోజు నాతో వచ్చి ఉండేది కదా అని అడిగాను. “మీరు రమ్మంటే వద్దును” అంది, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మనవరాలు మా మేనత్త పేరు మా నాయిన పేరు పక్కనే రాసింది. చనిపోయిన సంవత్సరం 1989 అని వేసింది. పుట్టిన సంవత్సరం గడి ఖాళీగా ఉంది. మా ఇంట్లో చెప్పగలిగినవారు ఎవరూ మిగలలేదు. అందుకే ఇందల్వాయిలో మాట్లాడతానని కార్యదర్శి గారిని నేనే అడిగి ఒప్పించాను. ఈ చుట్టుపక్కల ఊళ్లలో, సిర్నాపల్లి వైపు గాని, తొంభై దాటిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, భోజనాలయ్యాక నాకు చెప్పండి. కలరాతో చనిపోయిందని చెప్పిన ఆ పిల్ల ఎవరికైనా గుర్తుందేమో అడగాలి. నేను సాయంత్రం బండి దాకా ఇక్కడే ఉంటాను.